విశాఖలో కొలనోస్కోపీ: బిల్లు ముందే లెక్కేసుకోండి

కొలనోస్కోపీ అంటే కెమెరా గొట్టం (స్కోప్) పంపి పెద్దపేగు లోపల చూసే పరీక్ష. "ఎంతవుతుంది?" అని అడిగితే కౌంటర్లో చాలాసార్లు స్కోప్ చార్జీ ఒక్కటే చెబుతారు. మత్తు డాక్టరు ఫీజు, మందులు, డేకేర్ (అదే రోజు ఇంటికి పంపే) బెడ్, బయాప్సీ (చిన్న ముక్క తీయడం), ల్యాబ్ ఖర్చు వేరేగా పడొచ్చు. అందుకే ఇలా అడగండి: "పాలిప్ (పేగు లోపల పెరిగే చిన్న కండ) కనబడితే అప్పుడే తీస్తారా? అదనంగా ఎంత? తీసిన ముక్కలు రెండు సీసాల్లో ల్యాబ్‌కి పంపితే బిల్లు రెండింతలా?" జవాబు కాగితం మీద రాయించుకోండి.

ఖర్చు భారమైతే ముందు కేజీహెచ్ (ప్రభుత్వ కింగ్ జార్జ్ ఆసుపత్రి) ఓపీలో చూపించుకోండి. ఎన్టీఆర్ వైద్య సేవ వర్తిస్తుందో లేదో ఆసుపత్రిలోని వైద్యమిత్రను అడగండి. ప్రైవేటు బీమాలో మెలిక ఉంది: ఉత్త పరీక్షకు చాలా పాలసీలు డబ్బివ్వవు, పాలిప్ తీస్తే డేకేర్ కింద రావచ్చు.

పేగు శుభ్రం కాకపోతే మళ్లీ చేయించుకోవాలి, మళ్లీ కట్టాలి. దండగల్లో పెద్దది ఇదే. మూడు రోజుల ముందు నుంచే జామ, టమాటా, గోంగూర మానేయండి. గింజలు స్కోప్ గొట్టానికి అడ్డం పడతాయి. పేగు శుభ్రం చేసే 137 గ్రాముల పౌడరు ప్యాకెట్ డాక్టరు రాస్తే 2 లీటర్ల నీళ్లలో కలిపి, సగం ముందురోజు సాయంత్రం, సగం పరీక్షకు 4–6 గంటల ముందు, పావుగంటకో గ్లాసు చొప్పున తాగాలి. కిడ్నీ, గుండె జబ్బులున్నా, రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నా డాక్టరుకు ముందే చెప్పండి. చివరికి విరేచనం లేత పసుపు నీళ్లలా రావాలి. ఇంకా గోధుమరంగులో ఉంటే బయల్దేరకముందే ఆసుపత్రికి ఫోన్ చేయండి.