గర్భసంచి తీపిచ్చుకునే ముందు ఇవి అడుగుండ్రి

నలభై ఐదు దాటిన అక్కచెల్లెండ్లకు రాస్తున్న. నేను హన్మకొండల స్టాఫ్‌నర్సుగ చేసి రిటైరయిన. "ముట్లు ఇష్టమొచ్చినట్టు వస్తున్నయి, ఒళ్లంత ఆవిర్లు, గర్భసంచి తీపిచ్చుకుంటే పీడ పోతది" అనుకుంట వచ్చినోళ్లను చానమందిని చూసిన. ఆవిర్లు గర్భసంచితోని వచ్చేటియి కావు. ముట్లు ఆగే వయసుల, అండాశయాలల్ల తయారయ్యే ఈస్ట్రోజన్ అనే హార్మోన్ తగ్గుతుంటే వస్తయి. సంచితోపాటు అండాశయాలు గూడ తీసేస్తే ఆ హార్మోన్ ఒక్కసారే పడిపోతది. ఆవిర్లు ఇంకింత పెరుగుతయి, ఎముకలు తొందరగ బలం తప్పుతయి.

ముందుగాల గోడ క్యాలెండర్ మీద రాసుకోండ్రి. ముట్టు ఎప్పుడొచ్చింది, ఎన్ని రోజులున్నది, రోజుకెన్ని ప్యాడ్లు, రాత్రి చెమటలకు ఎన్నిసార్లు మెలకువైంది. డాక్టరమ్మకు మీ మాటకన్న ఆ కాయితం ఎక్కువ చెప్తది. 12 నెలలు వరుసగ ముట్టు రాకపోతేనే ఆగినట్టు లెక్క. మన దేశంల చానమందికి 46, 47 ఏండ్ల దగ్గర ఆగుతది. 40 నిండకముందే ఆగితే తప్పక చూపించుకోవాలె.

ఆగినంక మళ్ల ఒక్క చుక్క కనవడ్డా, గంటకొక ప్యాడ్ తడుస్తున్నా, మొగనితోని కలిసినప్పుడు రక్తమొచ్చినా ఆగొద్దు, డాక్టర్‌కు చూపించుకోండ్రి. స్కానింగ్ చేసి, అవసరమైతే గర్భసంచి లోపొర ముక్క తీసి పరీక్షకు పంపుతరు. అందరికీ క్యాన్సరే ఉండదు, కని లేదని తేలాలె గద.

ఊళ్లోళ్లయితే ఆశమ్మను అడుగుండ్రి. 2023 మార్చి 8న తెలంగాణ సర్కారు మొదలుపెట్టిన ఆరోగ్య మహిళ క్లినిక్కులల్ల ముట్లు ఆగే సమస్యలు గూడ చూడాలె, వాటికి పెట్టిన రోజు మంగళవారం. హన్మకొండల ప్రభుత్వ ప్రసూతి ఆస్పత్రి, వరంగల్‌ల సీకేఎం ఆస్పత్రి ఉన్నయి. రక్తశాతం, థైరాయిడ్, షుగర్, బీపీ పరీక్షలు అడిగి చేయించుకోండ్రి. థైరాయిడ్ తేడా ఉన్నా చెమటలు పోస్తయి, ముట్లు తప్పుతయి.

ఇగ "ఆపరేషన్ చెయ్యాలె" అన్నరనుకోండ్రి. జబ్బు పేరు కాయితం మీద రాసియ్యమనండ్రి. గోలీలతోని తగ్గదా, హార్మోన్ ఉన్న లూప్ పెట్టొచ్చా, అండాశయాలు ఉంచుతరా అని అడుగుండ్రి. తెల్లబట్టకు మందులున్నయి, దానికోసం సంచి తీసుడు అక్కర్లేదు. గర్భసంచిల ఉండే చిన్న గడ్డలు (ఫైబ్రాయిడ్లు) ముట్లు ఆగినంక మామూలుగ వాటంతటవే కుంచించుకపోతయి. ఆగమాగం చేసి సంతకం పెట్టమంటే, పానం మీదికి రానప్పుడు, ఇంటికొచ్చి ఇంకో డాక్టర్‌కు చూపించుండ్రి. అది మీ హక్కు.

ఆవిర్లు ఓర్వలేనట్టుంటే హార్మోన్ మందులు పనిచేస్తయి. 60 ఏండ్ల లోపు, ముట్లు ఆగి పదేండ్లు దాటనోళ్లకు మేలెక్కువ. రొమ్ము క్యాన్సర్ వచ్చినోళ్లకు, కాళ్లల్ల రక్తం గడ్డకట్టినోళ్లకు, కాలేయం ఖరాబైనోళ్లకు ఇయ్యరు. గర్భసంచి ఉన్నోళ్లకు ఈస్ట్రోజన్ ఒక్కటే ఇయ్యొద్దు, ప్రొజెస్టిరాన్ అనే ఇంకో హార్మోన్ గూడ ఉండాలె. మెడికల్ షాపుల అడిగి తెచ్చుకునే మందులు కావివి.

చానమంది సిగ్గుతోని చెప్పనిది యోని పొడిబారుడు. కలిసినప్పుడు మంట, మూత్రంల మంట, పదేపదే ఇన్ఫెక్షన్. కొద్ది మోతాదు ఈస్ట్రోజన్ క్రీమ్ ఆ చోటనే పెడితే మంచిగైతది. మగ డాక్టర్‌కు చెప్పబుద్ధి కాకపోతే నర్సుకు చెప్పుండ్రి.

మిర్చి ఏరబోయేటోళ్లు నీళ్ల సీసా దగ్గర్నే పెట్టుకోవాలె, కాటన్ బట్టలే కట్టుకోవాలె. ముట్లు ఆగినంక రోజుకు 1200 మిల్లీగ్రాముల క్యాల్షియం కావాలె. 100 గ్రాముల రాగుల్ల సుమారు 350 ఉంటది, కాబట్టి రాగి అంబలితోపాటు పాలు, పెరుగు, నువ్వులు తినుండ్రి.

ఇంట్ల మగోళ్లకు గూడ ఒక మాట. రాత్రంత నిద్ర లేని మనిషికి పొద్దుగాల చిరాకు రాదా? "ముసల్దానివైనవు" అనకుండ్రి. పొద్దటి చాయ్ మీరే పెట్టుండ్రి, దవాఖానకు వెంట పోండ్రి. దిగులు దినాం ఉంటే మనసు బాధలు వినే సర్కారు ఫోన్ లైన్ టెలీమానస్, 14416కు ఫోన్ చేయమనుండ్రి, తెలుగుల మాట్లాడుతరు, పైసలడగరు.

ఇప్పటికే ఆపరేషన్ అయినోళ్లు డిశ్చార్జి కాయితం వెతకండ్రి. అండాశయాలు గూడ తీసినరా అన్నది అండ్ల ఉంటది. 45 లోపే తీసి ఉంటే ఆ కాయితం పట్టుకపోయి, హార్మోన్ మందులు అవసరమా, ఎముకల పరీక్ష ఎప్పుడు చేయించాలె అని గైనకాలజిస్టును అడుగుండ్రి.