బీటా ఓఎస్ వేసే ముందు ఈ జాగ్రత్తలు చూస్కోండి

కొత్త ఓఎస్ (కంప్యూటర్‌ని నడిపే విండోస్, లైనక్స్ లాంటివి) బీటా, అంటే ఫైనల్ రిలీజ్‌కి ముందు ఇచ్చే టెస్ట్ వెర్షన్, వచ్చిందనగానే చెయ్యి ఊరుకోదు, నాకు తెలుసు, నాదీ అదే జబ్బు. అందుకే వద్దని చెప్పట్లేదు, వేయండి. కాకపోతే చాలామంది భయపడాల్సినదానికి భయపడకుండా వేరేదానికి భయపడతారు. హ్యాంగ్ అవుతుందేమో, స్క్రీన్ నీలంగా అయిపోతుందేమో అని. (విండోస్ ఇన్‌సైడర్ బిల్డ్‌లో, అంటే ముందే టెస్ట్ చేసేవాళ్ళకి మైక్రోసాఫ్ట్ ఇచ్చే వెర్షన్‌లో అయితే ఆకుపచ్చగా వస్తుంది, టెస్ట్ బిల్డ్ అని తెలియడానికి.) అది పెద్ద విషయం కాదండీ, కళ్ళ ముందే పడిపోయింది కాబట్టి తెలుస్తుంది, రీస్టార్ట్ కొడతాం, పని మళ్ళీ మొదలుపెడతాం. భయపడాల్సింది చప్పుడు లేకుండా పాడయ్యేవాటికి.

2009 జనవరిలో విండోస్ 7 బీటా వచ్చినప్పుడు ఏమైందంటే, ఆ బీటా చాలా బాగుంది అని అందరూ పొగిడేవాళ్ళే, నిజంగా బాగుండేది కూడా. కానీ అందులో ఒక బగ్ ఉంది, ఎంపీ3 ఫైల్‌లో పాట వివరాలు, ఆల్బమ్ బొమ్మ ఉండే హెడర్ భాగం పెద్దగా ఉంటే, మీడియా ప్లేయర్ ఆ వివరాలు అప్‌డేట్ చేసేటప్పుడు పాట మొదట్లో కొన్ని సెకన్లు కోసేసేది. ఎర్రర్ మెసేజ్ లేదు, ఏమీ లేదు. పాట ప్లే అవుతుంది, మొదలు మాత్రం ఉండదు, అంతే. మైక్రోసాఫ్ట్ ప్యాచ్ ఇచ్చింది, ఫైల్స్‌ని రీడ్ ఓన్లీ పెట్టుకోమని కూడా చెప్పింది. ఇప్పుడు ఇది ఆలోచించండి, మీ ఎక్స్‌టర్నల్ డిస్క్ ఆ కంప్యూటర్‌కే తగిలించి ఉండి, రాత్రి ఆటోమేటిగ్గా బ్యాకప్ అవుతుంటే, కోసేసిన పాట వెళ్ళి మంచి పాట మీద కూర్చుంటుంది. బ్యాకప్ ఉందనే అనుకుంటూ ఉంటాం.

అందుకని బ్యాకప్ తీశాక డిస్క్ పీకేసి పక్కన పెట్టండి, బీటా నడుస్తున్నన్నాళ్ళు దాన్ని ఆ మెషీన్‌కి తగిలించొద్దు. తీసినదాన్ని వేరే కంప్యూటర్‌లో పెట్టి నాలుగు ఫైళ్ళు తెరిచి చూడండి, తెరవని బ్యాకప్‌ని నేను లెక్కలోకి తీసుకోను. క్లౌడ్‌లో ఉన్నాయి కదా అంటారు కొందరు, అది సింక్ అండీ, బ్యాకప్ కాదు, ఇక్కడ ఫైల్ పోతే అక్కడా పోతుంది, మీ ఇంకో ల్యాప్‌టాప్‌లోనూ పోతుంది. కొన్నిటిలో పాత వెర్షన్లు కొన్నాళ్ళు దాస్తారు నిజమే, కానీ దాన్ని నమ్ముకుని దిగొద్దు. బీటాలో మెయిన్ అకౌంట్‌తో లాగిన్ అవ్వకుండా ఉత్తి టెస్టింగ్ కోసం ఒక అకౌంట్ చేసుకోండి. మ్యాక్ వాళ్ళకి ఇంకో తంటా, కొత్త ఓఎస్‌లో ఫొటోస్ లైబ్రరీ ఒకసారి అప్‌గ్రేడ్ అయ్యిందంటే పాత ఓఎస్‌కి వచ్చాక అది తెరుచుకోదు, కాబట్టి లైబ్రరీ కాపీ ముందే తీసి పెట్టుకోవాలి.

ఇక ఎక్కడ వేయాలి అనేది. నన్నడిగితే మొదట వర్చువల్ మెషీన్‌లోనే, అంటే మీ కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో విడిగా నడిచే ఇంకో కంప్యూటర్‌లో. వర్చువల్‌బాక్స్ కానీ వీఎంవేర్ కానీ, ఇన్‌స్టాల్ అయ్యాక ఒక స్నాప్‌షాట్ (ఆ క్షణానికి ఉన్నదున్నట్టు కాపీ) తీసుకుంటే తర్వాత ఎంత చెడగొట్టినా ఒక్క క్లిక్‌తో వెనక్కి వచ్చేయొచ్చు. విండోస్ 11 అయితే 4 జీబీ ర్యామ్, 64 జీబీ డిస్క్, టీపీఎం 2.0 (సెక్యూరిటీ చిప్) అడుగుతుంది, ఆ టీపీఎం కూడా వర్చువల్‌గా ఇచ్చే ఆప్షన్ సెట్టింగ్స్‌లో ఉంటుంది. ఒక్కటి మాత్రం మర్చిపోకండి, షేర్డ్ ఫోల్డర్ ఆన్ చేయొద్దు. ఫైళ్ళు అటూ ఇటూ తేలిగ్గా వెళ్తాయని అందరం ఆన్ చేస్తాం, కానీ ఆ దారిలో బీటా మీ అసలు ఫైళ్ళ మీదే రాస్తుంది, ఇక గోడ కట్టి లాభమేంటి. చేయక తప్పకపోతే రీడ్ ఓన్లీగా ఇవ్వండి.

వర్చువల్‌లో స్లీప్, బ్యాటరీ, గ్రాఫిక్స్ ఇవేమీ సరిగ్గా తెలియవు, అవి చూడాలంటే మూలన పడున్న పాత ల్యాప్‌టాప్ దులపండి. అదీ లేకపోతే డిస్క్‌లో విడిగా ఒక ముక్క, అంటే పార్టిషన్. మ్యాక్‌లో ఇంకా సులువు, ఏపీఎఫ్‌ఎస్ (మ్యాక్ ఫైల్ సిస్టమ్) వాల్యూమ్ ఒకటి యాడ్ చేసి దాంట్లో వేసుకోవచ్చు. విండోస్ పక్కన లైనక్స్ బీటా వేసేవాళ్ళు ముందు విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆపేయండి, అది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ కొట్టినా విండోస్ సగం నిద్రలోనే ఉంటుంది, ఆ టైమ్‌లో లైనక్స్ నుంచి ఆ పార్టిషన్‌లో రాస్తే ఫైల్ సిస్టమ్ చెడుతుంది. ఉన్న ఒకే ఒక్క మెషీన్‌లో, రేపు పని ఇవ్వాల్సిన మెషీన్‌లో, ఉన్నదాని మీదే అప్‌గ్రేడ్ కొట్టడం మాత్రం వద్దే వద్దు.

పార్టిషన్ వేరు కదా ఇంకేం పర్లేదు అనుకుంటే అదీ పూర్తిగా కాదు. 2008లో లైనక్స్ కెర్నల్ (ఓఎస్‌కి గుండెకాయ లాంటి భాగం) 2.6.27 టెస్ట్ వెర్షన్లలో ఒక బగ్ ఉండేది, కొన్ని ఇంటెల్ నెట్‌వర్క్ కార్డుల లోపలి మెమరీనే చెడగొట్టింది, అంటే ఓఎస్ తీసేసి మళ్ళీ వేసినా కార్డ్ పనిచేయదు. అప్పటి డిస్ట్రోల (ఉబుంటు లాంటి లైనక్స్ రకాల) ఆల్ఫా, బీటాల్లోకి ఆ కెర్నల్ వెళ్ళిపోయింది. 2017 చివర్లో ఉబుంటు 17.10ని, అది బీటా కూడా కాదు ఫైనల్ రిలీజ్, కొన్ని లెనోవో ల్యాప్‌టాప్‌ల బయోస్ (మెషీన్ ఆన్ అవ్వగానే ముందు నడిచే ప్రోగ్రామ్) దెబ్బతింటోందని డౌన్‌లోడ్ నుంచి తీసేయాల్సి వచ్చింది. ఇలాంటివి అరుదే, భయపెట్టడానికి చెప్పట్లేదు. కానీ నిన్ననే కొన్న మెషీన్ మీద మొదటి రోజు బిల్డ్ వేయకండి, ఓ వారం ఆగి నోన్ ఇష్యూస్ (ఇప్పటికే తెలిసిన సమస్యల) పేజీ చదివి వేయండి. ఆ పేజీ ఎవ్వరూ చదవరు, నేనూ చాన్నాళ్ళు చదవలేదు.

ఇన్‌స్టాల్ చేసేటప్పుడు అన్నిటికన్నా ప్రమాదమైన స్క్రీన్ పార్టిషన్ ఎంచుకునేది. అక్కడ సి డ్రైవ్, డి డ్రైవ్ అని ఉండదు, డ్రైవ్ 0 పార్టిషన్ 3, డ్రైవ్ 0 పార్టిషన్ 4 అని సైజులతో వరసగా ఉంటాయి. ఒకసారి నేను డిస్క్‌ని సమానంగా రెండు ముక్కలు చేసి పెట్టుకున్నా, ఒకదాంట్లో పదేళ్ళ ఫొటోలు, ఇంకోటి ఖాళీ, ఆ స్క్రీన్‌లో రెండూ కవలపిల్లల్లా కనపడ్డాయి, ఫార్మాట్ బటన్ మీద వేలు పెట్టి ఫ్రీ స్పేస్ అంకె చూసి ఆగిపోయా, చెమటలు పట్టేశాయి. అప్పట్నుంచి బీటా పార్టిషన్‌ని కావాలనే 73 జీబీ అనో 91 జీబీ అనో వింత సైజులో చేస్తా, వాల్యూమ్‌కి పేరు కూడా పెడతా, ఇక ఏ స్క్రీన్‌లో చూసినా అదే అని తెలిసిపోతుంది. రెండో డ్రైవ్ ఉంటే కేబుల్ పీకేయడం ఇంకా మేలు. ఓఎస్ ఇన్‌స్టాల్ చేయడానికి బూటబుల్ యూఎస్‌బీ చేసేటప్పుడూ ఇదే గొడవ, పెన్‌డ్రైవ్ అనుకుని బ్యాకప్ డిస్క్‌ని చెరిపేసుకున్నవాళ్ళున్నారు.

డిస్క్ ఎన్‌క్రిప్ట్ అయి (కీ లేకుండా చదవలేనట్టు తాళం పడి) ఉందేమో కూడా చూడండి, చాలా ల్యాప్‌టాప్‌లలో మనం ఆన్ చేయకపోయినా అయి ఉంటుంది. బీటా బూట్ సెట్టింగ్స్ మార్చగానే బిట్‌లాకర్ (విండోస్‌లో ఆ తాళం వేసేది) 48 అంకెల రికవరీ కీ అడగొచ్చు. నేను జాగ్రత్తగా ఆ కీని ఫొటో తీసి సేవ్ చేసుకున్నా. ఎక్కడ? ఆ ల్యాప్‌టాప్‌లోనే. కాగితం మీద రాసుకోండి బాబూ.

వైఫై డ్రైవర్ కూడా పెన్‌డ్రైవ్‌లో ముందే వేసి పెట్టుకోండి, బీటా వేశాక నెట్ రాకపోతే నెట్ రావడానికి కావాల్సింది నెట్‌లోనే ఉంటుంది. ఇంకో పెన్‌డ్రైవ్‌లో ఇప్పుడున్న స్టేబుల్ ఓఎస్ ఇన్‌స్టాలర్. ఐఎస్ఓ ఫైల్ (ఇన్‌స్టాలర్ మొత్తం ఉండేది) కంపెనీ సైట్ నుంచే తీసుకోండి, అక్కడ షా256 హ్యాష్ (ఫైల్‌కి వేలిముద్ర లాంటి కోడ్) ఇస్తే సరిపోల్చుకోండి, లీకైన బిల్డ్ అని ఎవరో ఇచ్చినవాటి జోలికి పోవద్దు.

వెనక్కి వచ్చే దారి ముందే చూసుకోవాలి. విండోస్ ఇన్‌సైడర్‌లో కేనరీ లాంటి మరీ పచ్చి బిల్డ్‌ల ఛానెల్ ఎక్కితే దిగడానికి మామూలుగా క్లీన్ ఇన్‌స్టాల్ (అన్నీ చెరిపి మొదట్నుంచి వేయడం) ఒక్కటే మార్గం, ఊరికే చూద్దామనుకునేవాళ్ళకి బీటానో రిలీజ్ ప్రివ్యూనో చాలు. అప్‌గ్రేడ్ చేసినవాళ్ళకి పాత విండోస్‌కి తిరిగొచ్చే గో బ్యాక్ బటన్ మామూలుగా 10 రోజులే, ఈలోపు డిస్క్ క్లీనప్ కొట్టి పాత విండోస్ ఫోల్డర్ చెరిపేస్తే అదీ ఉండదు. పైగా టెస్ట్ వెర్షన్లకి గడువు ఉంటుంది, విండోస్ 7 బీటా అయితే 2009 ఆగస్టు 1న అయిపోయింది, దానికి నెల ముందు నుంచే రెండు గంటలకోసారి దానంతటదే షట్‌డౌన్ అయ్యేది. 2000లో యాపిల్ మ్యాక్ ఓఎస్ ఎక్స్ పబ్లిక్ బీటాని 29.95 డాలర్లకి అమ్మింది, డబ్బులిచ్చి మరీ కొన్నారు జనం, అది కూడా 2001 మేలో పనిచేయడం మానేసింది. గడువు తేదీ ఫోన్‌లో రిమైండర్ పెట్టుకోండి.

వాడేటప్పుడు బ్యాంకు పనులు, పాస్‌వర్డ్ మేనేజర్ దాంట్లో పెట్టొద్దు. ఇన్‌సైడర్ బిల్డ్‌లు మామూలు విండోస్ కన్నా ఎక్కువ డయాగ్నస్టిక్ డేటా పంపిస్తాయి, అది ఆన్ చేస్తేనే బిల్డ్ ఇస్తారు కూడా. వీపీఎన్, యాంటీవైరస్, యాంటీచీట్ (ఆటలో మోసాన్ని పట్టే సాఫ్ట్‌వేర్) ఉన్న గేమ్స్ ముందుగా మొరాయించేవి.

ఏదైనా ఫైల్ మాయమైతే మాత్రం మన ఖర్మ అనుకుని ఊరుకోకండి, రిపోర్ట్ చేయండి. 2018 అక్టోబర్‌లో విండోస్ 10 అప్‌డేట్ కొందరి డాక్యుమెంట్స్ ఫోల్డర్లు చెరిపేసింది, కొన్ని రోజుల్లోనే ఆపేశారు. అంతకుముందే కొందరు ఇన్‌సైడర్లు ఫైళ్ళు పోతున్నాయని ఫీడ్‌బ్యాక్ హబ్‌లో (రిపోర్టులు రాసే యాప్) రాశారు, మిగతావాళ్ళ ఓట్లు పడక అవి అడుగున ఉండిపోయాయి. ఆ తర్వాతే ఫీడ్‌బ్యాక్ హబ్‌లో సమస్య ఎంత తీవ్రమో చెప్పే ఆప్షన్ పెట్టారు. "పనిచేయట్లేదు" అని రాస్తే ఎవరూ చూడరు, బిల్డ్ నంబర్, ఏం నొక్కితే ఏమైంది, పోయినవి ఏ ఫోల్డర్‌లో ఉండేవి, ఇంత రాయండి.

నేనైతే ఒక ఫోల్డర్ పెట్టుకున్నా, అందులో ఒక పాట, ఒక ఫొటో, ఒక వర్డ్ ఫైల్, ఒక జిప్. వాటి సైజులు, హ్యాష్‌లు నోట్‌బుక్‌లో రాసి ఉంటాయి, కొత్త బిల్డ్ దిగిన ప్రతిసారీ ముందు అవి తెరిచి సరిచూస్తా, పాట మొదటి సెకను నుంచి వింటా. రెండు నిమిషాల పని. సరిగ్గా ఉంటేనే కొత్త స్టార్ట్ మెనూ ఎలా ఉందో చూడ్డానికి వెళ్తా.