పాండిచ్చేరి వైట్ టౌన్‌లో పదిపన్నెండు మందికి ఇల్లు అద్దెకు తీసుకోవడం ఎలా?

రెండు మూడు కుటుంబాలు కలిసి పాండిచ్చేరి వెళ్తున్నారా? నాలుగు హోటల్ గదుల కంటే ఒకే పెద్ద ఇల్లు నయం. సముద్రం పక్కనున్న పాత ఫ్రెంచి పేట వైట్ టౌన్‌లోనూ, కాలవ అవతల తమిళుల వీధుల్లోనూ పాత ఇళ్ళు రోజువారీ అద్దెకు దొరుకుతాయి.

ముందు తలలు లెక్కపెట్టుకుని, బాత్రూములు ఎన్నో అడగండి. పడకగదుల సంగతి ఆ తర్వాత. "పద్నాలుగు మంది పడతారు" అన్నారని మేం ఒకసారి నమ్మి వెళ్ళాం. హాల్లో పరుపులు పరిచారు, సర్దుకున్నాం. కానీ ఉన్నవి రెండే బాత్రూములు! పొద్దున ఏడింటికల్లా మనకుల వినాయకుడి దర్శనం అనుకున్నవాళ్ళం, పది దాటాక గడప దాటాం. నలుగురికి ఒకటైనా ఉండాలి. గీజర్లు ఎన్ని, కరెంటు పోతే ఇన్వర్టర్ మీద ఏవి నడుస్తాయో కూడా అప్పుడే అడిగేయండి.

తర్వాత వీధి చూడండి. బీచ్ రోడ్డు మీదికి సాయంత్రం 6 నుంచి ఉదయం 7:30 వరకు బండ్లను రానివ్వరు. నడిచేవాళ్ళకు అదే పండగ, టెంపో ట్రావెలర్‌లో దిగేవాళ్ళకు మాత్రం టెన్షన్. బండి ఎక్కడ ఆపాలో ముందే తేల్చుకోండి. చెన్నై సుమారు 150 కిలోమీటర్లే కాబట్టి శని, ఆదివారాల్లో జనం పోటెత్తుతారు, అద్దెలూ పెరుగుతాయి. వీలైతే మంగళ, బుధవారాలు చూసుకోండి. కింద బార్ ఉందేమో తెలియాలంటే రాత్రి తొమ్మిదింటికి కిటికీలోంచి వీడియో తీసి పంపమనండి. పగటి ఫొటోల్లో ప్రతి వీధీ ప్రశాంతంగానే ఉంటుంది.

అమ్మమ్మ, తాతయ్య వస్తుంటే కింది అంతస్తులో గది తప్పనిసరి. పాత ఇళ్ళ మెట్లు నిటారుగా ఉంటాయి.

వంట చేసుకుందామనుకుంటే గ్యాస్ ఉందా, గిన్నెలు ఎన్ని, నాన్‌వెజ్ వండనిస్తారా అని అడగండి. ఒప్పుకుంటే చేపలు గూబేర్ మార్కెట్లో దొరుకుతాయి. యానాం ఈ పుదుచ్చేరిలో భాగమే కదా అని వాచ్‌మన్‌తో తెలుగులో మొదలుపెట్టకండి, తమిళమే నడుస్తుంది.

డబ్బు దగ్గర జాగ్రత్త. వీడియో కాల్‌లో ఇల్లంతా చూడకుండా, ఎవరి సొంత నంబరుకో మొత్తం అద్దె పంపొద్దు. అడ్వాన్సు, డిపాజిట్, రద్దు చేసుకుంటే ఎంత తిరిగిస్తారు, ఇవన్నీ మెసేజ్‌లో రాయించుకోండి.

పెద్దవాళ్ళందరి గుర్తింపు కార్డులు పట్టుకెళ్ళండి. అమెరికా నుంచి వచ్చిన అన్నయ్య పిల్లలకు అక్కడి పాస్‌పోర్టు ఉంటే ముందే చెప్పాలి. విదేశీయులు దిగిన 24 గంటల్లోపు ఇంటివాళ్ళు ఇమ్మిగ్రేషన్‌కు ఆన్‌లైన్‌లో తెలియజేయాలి. అది తెలియని యజమాని అయితే వేరే ఇల్లు చూసుకోవడమే మేలు.

రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు స్పీకర్లు ఆపేయాల్సిందే. పక్కింట్లో కాపురాలున్నాయి.

తాళం చేతికి రాగానే, సామాను దించకముందే గోడల మరకలు, విరిగిన కుర్చీ, పగిలిన అద్దం ఫొటో తీసి యజమానికి పంపేయండి. డిపాజిట్ వెనక్కి తీసుకునేటప్పుడు ఆ ఫొటోలే అక్కరకొస్తాయి.