బిడ్డను నాలుగు గంటలు అప్పగించే ముందు: బెంగళూరు తెలుగు తల్లిదండ్రులకు

ఆటిజం గాని, సెరిబ్రల్ పాల్సీ గాని, బుద్ధిమాంద్యం గాని ఉన్న బిడ్డను పెంచే ఇంట్లో తల్లికి జ్వరం వచ్చినా సెలవు ఉండదు. సొంత ఊళ్లో అయితే అత్తో పిన్నో వచ్చి ఒక పూట చూసుకునేవారు. మదనపల్లె నుంచో అనంతపురం నుంచో ఉద్యోగానికి వచ్చి మారతహళ్లిలో అద్దెకు ఉన్నవారికి ఆ ఆసరా లేదు. బిడ్డను కొన్ని గంటలో కొన్ని రోజులో నమ్మకమైన చేతుల్లో ఉంచి ఇంటివారు తెరిపిన పడే ఏర్పాటునే రెస్పైట్ కేర్ అంటారు. తల్లి మంచం పట్టాక దీనికోసం వెతికితే కుదరదు, ఎందుకంటే కొత్త మనిషికి అలవాటు పడడానికి బిడ్డకు వారాలు పట్టవచ్చు.

కాబట్టి ముందుగా ఇంటికి వచ్చే ఆయాతో మొదలుపెట్టి, మొదటి నాలుగైదు సార్లు మీరు పక్క గదిలోనే ఉండండి. తర్వాత అరగంట కూరగాయలకు వెళ్లి రండి. వెళ్లేటప్పుడు బిడ్డకు చెప్పే వెళ్లండి. కళ్లుగప్పి జారుకుంటే మరునాటి నుంచి మీ కొంగు వదలడు.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఒక నోటుపుస్తకం. మా అబ్బాయి పుస్తకంలో మొదటి పేజీ ఇలా ఉంటుంది: "ఉమ్మా అంటే నీళ్లు. కుక్కర్ విజిల్‌కు చెవులు మూసుకుంటాడు, వంటింటి తలుపు వేస్తే చాలు. అన్నంలో కరివేపాకు కనబడితే కంచం నెట్టేస్తాడు. లిఫ్ట్ బటన్ తనే నొక్కాలి." డాక్టరు ఫైలులో ఇవేవీ ఉండవు. పైగా ఈ నగరంలో ఆయా మాట్లాడేది తరచుగా కన్నడమే. మన పిల్లవాడికి "ఊట" అంటే భోజనమని గాని, "సాకు" అంటే చాలు అని గాని తెలియదు. అందుకే బిడ్డకు తెలిసిన ఇరవై తెలుగు మాటలను ఆమె చదవగలిగే లిపిలో, ఆమె భాషలో అర్థంతో సహా రాసి ఇవ్వండి.

ఫిట్స్ వచ్చే బిడ్డ అయితే మందుల వేళలతో పాటు ఇది కూడా రాయండి: పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, నోట్లో ఏమీ పెట్టకూడదు, అయిదు నిమిషాలు దాటితే 108కి ఫోన్ చేయాలి. చేతిలో తాళాలు పెట్టే అలవాటు వల్ల ప్రయోజనం లేదని ఆమెకు నోటితో కూడా చెప్పండి.

కొన్ని రోజులు ఉంచే వసతి కేంద్రమైతే భోజనాల వేళకు వెళ్లి చూడండి. రాత్రి మెలకువగా ఎవరుంటారో, స్నానం ఎవరు చేయిస్తారో, దెబ్బ తగిలితే ఎక్కడ రాస్తారో అడగండి. ఒక చోట మమ్మల్ని ఆఫీసు గదిలోనే కూర్చోబెట్టి, బ్రోషర్ చేతిలో పెట్టి పంపించారు. పడుకునే గది చూపించని చోటికి మేము మళ్లీ వెళ్లలేదు. మంచి చోటు తెలియాలంటే ఇందిరానగర్‌లోని స్పాస్టిక్స్ సొసైటీ ఆఫ్ కర్ణాటక వంటి సంస్థల్లో సోషల్ వర్కర్‌ను, అంతకంటే ముందు అక్కడికి పిల్లలను తీసుకొచ్చే తల్లులను అడగడం మేలు. మీ మనసే కుంగిపోతుంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్‌కు 14416 నంబరులో ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు.

ఇక కాగితాలు. వైకల్య ధ్రువపత్రం, యూడీఐడీ కార్డు (వైకల్యం ఉన్నవారికి ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు కార్డు) ముందుగా తీసుకోండి. ఇలాంటి బిడ్డల కోసం ఉన్న కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ ఆరోగ్య బీమా కింద ఏడాదికి లక్ష రూపాయల వరకు చికిత్స ఖర్చు వస్తుంది, అందులో థెరపీలకూ కొంత ఉంటుంది. బిడ్డకు 18 ఏళ్లు నిండాక చట్టం దృష్టిలో తల్లిదండ్రులు తమంతట తాము సంరక్షకులు కారు. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం ప్రకారం తమను సంరక్షకులుగా నియమించమని జిల్లా స్థాయిలోని లోకల్ లెవల్ కమిటీకి దరఖాస్తు చేసుకోవాలి. వీటన్నిటి జిరాక్సులను ఆ నోటుపుస్తకం అట్టలోనే ఒక కవరులో ఉంచండి. అర్ధరాత్రి ఆయా ఒక్కతే ఆసుపత్రికి వెళ్లవలసి వస్తే ఆమె చేతికి అందేది ఆ పుస్తకమే.