అంబులెన్స్ స్టీరింగ్‌కి రీకాల్ వస్తే: ముందు ఛాసిస్ నంబరు చూసుకోండి

కోరాపుట్ నుంచి విశాఖ కేజీహెచ్‌కి పేషెంట్లను తీసుకెళ్లడం నా పని. మా మోడల్ బండ్లకి స్టీరింగ్ లోపం ఉందని కంపెనీ రీకాల్ వేసిందన్న (అంటే బాగుచేయడానికి బండ్లని వెనక్కి పిలిచిందన్న) సంగతి నాకు రెండు నెలల తరవాత తెలిసింది. అదీ జయపురంలో టీ కొట్టు దగ్గర ఇంకో డ్రైవర్ చెబితే. కంపెనీ ఉత్తరం పంపింది, కాకపోతే మా ఓనరుకి బండి అమ్మినాయన ఇంటికి. ఆయన చింపి పారేశాడట.

అంబులెన్సులు చేతులు మారుతూనే ఉంటాయి. అందుకే ఉత్తరం కోసం చూడకండి. ఆర్సీలో ఛాసిస్ నంబరు ఉంటుంది, 17 అక్షరాలు, అంకెలు. మా ఆర్సీ అరిగిపోయింది. ఆ నంబరు బండి ఫ్రేమ్ మీద కూడా కొట్టి ఉంటుంది. కిరోసిన్ గుడ్డతో ఫ్రేమ్ మీది ఎర్రమట్టి తుడిచి, టార్చి వేసి చూసి రాసుకున్నాను. ఐ, ఓ, క్యూ అక్షరాలు ఆ నంబరులో వాడరు. గుండ్రంగా కనిపిస్తే సున్నా అని రాసుకోండి. ఆ నంబరు కస్టమర్ కేర్‌కి చెబితే మీ బండి రీకాల్‌లో ఉందో లేదో చెబుతారు.

రీకాల్ రిపేరుకి డబ్బులు ఇవ్వక్కర్లేదు. మాకు మాత్రం సర్వీస్ సెంటర్లో మెలిక పెట్టారు: "స్ట్రెచర్, ఆక్సిజన్ స్టాండు బయట బిగించారు కదా, మాకు సంబంధం లేదు." స్టీరింగ్ ఫ్యాక్టరీ నుంచి వచ్చిందే బాబూ అని గంటసేపు వాదించాను. జాబ్ కార్డు (చేసే పని రాసిచ్చే కాగితం) మీద 'స్టీరింగ్ చెకప్' అని రాస్తే ఒప్పుకోకండి, రీకాల్ అనే రాయించుకోండి. లేకపోతే రేపు బండి కొనేవాడికి పని జరిగిందని చూపించడానికి కాగితం ఉండదు. కేంద్రం రీకాల్ నిబంధనలు 2021 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్నాయి. లోపం ఉన్నా కంపెనీ కదలకపోతే వాహన్ పోర్టల్‌లో ఓనరే ఫిర్యాదు పెట్టొచ్చు.

బండిని నడపొద్దని కంపెనీ చెబితే ఆపేయండి, తీసుకెళ్లడానికి లారీ అడగండి. అలా చెప్పకపోతే, రిపేరు డేటు వచ్చేదాకా రోజూ పొద్దున్నే ఇలా చూడండి. చదును నేల మీద చక్రాలు తిన్నగా పెట్టి, హ్యాండ్ బ్రేక్ లాగి, ఇంజన్ ఆన్ చేసి ఒకరు స్టీరింగ్‌ని అటూ ఇటూ కొంచెం కొంచెం కదపాలి. ఇంకొకరు పక్కన వంగి టార్చితో టై రాడ్ (స్టీరింగ్‌ని చక్రాలకి కలిపే కడ్డీ) చివర్లు చూడాలి. స్టీరింగ్ కదిలినా చక్రం కదలకుండా జాయింటు 'టక్' మంటే బండి తీయకండి. చక్రం కదలకుండా స్టీరింగ్ ఊరికే తిరిగే దూరాన్ని ప్లే అంటారు. దానికి నా కొలత రెండు వేళ్లు. అంతకంటే ఎక్కువ ఉంటే సుంకి ఘాట్ దిగను, ఓనరు ఎంత అరిచినా సరే.

దారిలో స్టీరింగ్ ఉన్నట్టుండి బిగుసుకుపోతే టెన్షన్‌లో తాళం తిప్పేయొద్దు. ఇంజన్ ఆగితే బ్రేక్ కూడా గట్టిపడుతుంది, తాళం తీస్తే స్టీరింగ్ లాకైపోవచ్చు. పవర్ స్టీరింగ్ సాయం పోయినా స్టీరింగ్ తిరుగుతుంది, బలం కావాలంతే. రెండు చేతులా పట్టుకుని, గేరు తగ్గిస్తూ కొండ వైపు ఆపండి. వెనక ఉన్నవాళ్లకి ఒక్క మాట చెప్పండి, లేకపోతే పేషెంటు బంధువులు ముందే తలుపు తెరుస్తారు.

రిపేరయ్యాక మొదటిసారి ఖాళీ బండితో తిరగండి. నేను సెమిలిగుడ దాకా వెళ్లొచ్చి, కింద ఆయిల్ చుక్కలు పడ్డాయేమో చూసి, అప్పుడే స్ట్రెచర్ ఎక్కించాను.