దోస్త్ కోసం గూగుల్‌లో వెతికే ముందు జాగ్రత్తలు

పాలమూరు, మహాత్మా గాంధీ యూనివర్సిటీల కింద డిగ్రీ సీటుకు దోస్త్‌లో (తెలంగాణ డిగ్రీ ప్రవేశాల సర్కారు వెబ్‌సైట్) పేరు నమోదు చేసుకునే పిల్లలు ముందు ఇవి చూసుకోండి.

– సెర్చ్‌లో పైన కనిపించిన హెల్ప్‌లైన్ నంబరుకు ఫోన్ చేయకండి. డబ్బు కట్టి పైకి వచ్చేవాళ్లలో మోసగాళ్లూ ఉంటారు. ఓటీపీ అడిగితే ఫోన్ పెట్టేయండి. డబ్బు పోతే ఆ నిమిషమే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చేయండి.

– లింకు పైన ‘స్పాన్సర్డ్’ అని ఉంటే అది ప్రకటన. ఇలాంటి ప్రకటనలు పేజీ చివర్లోనూ వస్తాయి.

– అడ్రస్‌లో ‘https://’ తర్వాత వచ్చే మొదటి స్లాష్ గీతకు ముందు ఏముందో చదవండి. దోస్త్‌ది ‘సీజీజీ డాట్ గవ్ డాట్ ఇన్’తో ముగుస్తుంది. మధ్యలో ‘గవ్’ ఉండి చివర ‘డాట్ కామ్’ ఉంటే సర్కారుది కాదు. అడ్రస్ పక్కన కనిపించే తాళం గుర్తును నమ్మొద్దు, అది దొంగ సైట్‌కూ దొరుకుతుంది.

– అసలు సైట్‌ను బుక్‌మార్క్ చేసుకోండి, మళ్లీ వెతికే పనుండదు.