గో-కార్ట్ స్వింగ్‌ఆర్మ్ పగిలితే: లక్షణం, కారణం, మరమ్మతు

లక్షణం

మైపాడు, కొత్తపట్నం తీరాల ఇసుకలోనో, చీమకుర్తి వైపు మట్టిబాటల గతుకుల్లోనో నడిపిన సొంత తయారీ గో-కార్ట్‌కు మలుపుల్లో చైన్ ఊడుతున్నా, వెనుక టైరు ఒకవైపే అరుగుతున్నా, చైన్ బిగించే ముందు స్వింగ్‌ఆర్మ్‌ను, అంటే వెనుక చక్రాలను మోస్తూ పైకీ కిందికీ కదిలే పైపు చట్రాన్ని పరీక్షించాలి. షాకబ్జార్బర్ బ్రాకెట్ దగ్గర వెల్డు అంచు వెంట పెయింటు వెంట్రుకవాసి చీలి, ఆ చీలికలో తుప్పు పొడి కనిపిస్తే దాదాపుగా పైపే పగిలిందని అర్థం. అనుమానం తీరకపోతే పెయింటు గీకి, కిరోసిన్ రాసి, కాసేపాగి పొడిగుడ్డతో తుడిచి సుద్దపొడి చల్లండి. బీటలో నిలిచిన కిరోసిన్ పైకి ఊరి, పొడి మీద సన్నటి తడిగీతగా తేలుతుంది.

కారణం

వెల్డింగ్ ఊడిందని అందరూ అంటారు గాని, చాలాసార్లు వెల్డు నిలిచే ఉంటుంది. వేడికి గుణం మారిన దాని పక్క ఇనుమే తెగుతుంది. గేట్లకు వాడే పలుచని స్క్వేర్ పైపు నడిమధ్యన షాక్ బ్రాకెట్ అతికిస్తే, వంపు బలమంతా ఆ ఒక్క అంచు మీదే పడుతుంది. స్ప్రింగ్ మెత్తనిదై షాక్ పూర్తిగా అణిగిపోతున్నా, పివట్ బుష్ (ఆర్మ్ కదిలే ఇరుసు చుట్టూ ఉండే గొట్టం) అరిగి ఆర్మ్ మెలి తిరుగుతున్నా పగులు త్వరగా వస్తుంది. ఈ రెండూ సరిచేయకుండా పైన ఎంత మందం ఇనుప పట్టీ వేసినా పగులు ఆ పట్టీ చివరకు జరుగుతుంది, అంతే.

మరమ్మతు

ఆర్మ్‌ను బండి నుంచి విప్పి, పగులు ముగిసిన చోట 3 మిల్లీమీటర్ల రంధ్రం వేయాలి. అది లేకుంటే బీట వెల్డు కిందుగా ముందుకు పాకవచ్చు. తర్వాత పగులు పొడవునా గ్రైండర్‌తో వాలుగా గాడి తీసి, జీఐ పైపు అయితే జింకు పూత పూర్తిగా తొలగించి, గాలి ఆడే చోటే వెల్డింగ్ చేయించాలి. పలుచని పైపుకు సీఓటూ వెల్డింగ్ (రాడ్ బదులు సన్నటి తీగ, వాయువుతో చేసేది) మేలు. రాడ్‌తోనే చేయించాల్సి వస్తే 7018 రాడ్లు (తేమ తగలకూడని రకం) పొడిగా ఉన్నాయో లేదో అడగండి, మన తీరగాలికి విప్పిన ప్యాకెట్ తేమ పీల్చుకుంటుంది. పివట్‌లో సరిపోయే ఇనుపకడ్డీ దూర్చి, ఆర్మ్‌ను బల్లకు బిగించి, ఇటు కొంచెం అటు కొంచెం అతికిస్తే వంకర తక్కువ. అతుకు మీద నీళ్లు పోసి చల్లార్చే అలవాటు మాత్రం మానిపించండి, ఇనుము పెళుసెక్కుతుంది.

బలానికి పైపు మందానికి సమానమైన, లేదా కొద్దిగా ఎక్కువైన పట్టీ చాలు. దాన్ని చతురస్రంగా గాక కొనలు సాగిన డైమండ్ ఆకారంలో కోసి, పైపు పొడవు వెంట వెల్డు చేసి, కొనల దగ్గర అడ్డంగా వెల్డు గీయకుండా వదిలేయాలి. రెండు ఆర్ముల మధ్య అడ్డపైపు లేకపోతే అది కూడా వేయించుకోండి, మెలికను ఆపేది అదే. బుష్ బిగుసుకుంటే లేత్‌లో సరిచేయించి, ప్రైమర్ వేసి, ఒక్కరే కూర్చుని నెమ్మదిగా కాసేపు నడిపాక కిరోసిన్ పరీక్ష మళ్లీ చేయండి. అదే చోట బీట తిరిగి కనిపించినా, పైపు లోపల తుప్పు పొరలుగా రాలుతున్నా మరో పట్టీ వేయక, ఆర్మ్‌ను కొత్త పైపుతో చేయించడమే మార్గం.